రాక్షసుడికి దహనం

మనవరాలు నందిని నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. బోరు మోటారు దగ్గర కనబడిన నాగుపామును కర్రతో కొట్టి చంపాను. అదీ నా నేరం. తొమ్మిదేళ్ల పిల్ల, మూతి ముడుచుకుని నా మంచం పక్క నుంచే నడిచిపోతుంది. నాకేమో ముక్కు మీద కోపం, బతిమాలుకోవడం చేతకాదు. కానీ అది "తాతా" అని పిలవకపోతే అన్నం సయించడం లేదు.

ఆదివారం పొద్దున దాని అన్న వినీత్ వరండాలో పాచికలు, కాగితాలు పరిచాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్న ఆటట. వాడు కథ చెప్తాడు, మనకు తలా ఒక వేషం. ఏం చేస్తామో చెప్పి పాచిక వేయాలి. మన్నెగూడ నుంచి రావలసిన వాడి దోస్తు రోహన్ రాలేదు.

"తాతా, నువ్వు కూసో. కత్తి పట్టెటోనివి నువ్వే" అన్నాడు వినీత్.

నందిని తలెత్తలేదు. లేచి వెళ్లిపోలేదు కూడా. అదే పదివేలనుకుని కూర్చున్నాను.

గుహలో రాక్షసుడు ఎదురయ్యాడు. ఊళ్లో పిల్లలను మింగినవాడట. నందిని వేషం వైద్యురాలు. "ఆకలైతుందేమో, అడుగుదాం" అంది. అడిగేలోపే వాడు దాని మీదికి ఉరికాడని చెప్పాడు వినీత్. నేను ఆలోచించకుండా పాచిక విసిరాను. ఆ ఇరవై ముఖాల పాచికలో అన్నిటికన్నా పెద్ద అంకె, ఇరవై పడింది.

"సచ్చిండు! దుష్టుడే గద, పాపం గీపం లేదు. ఇగ ముంగటికి పోదాం" అన్నాడు వినీత్.

నందిని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముంగటికెట్ల పోతంరా? ముందుగాల దహనం చెయ్యాలె" అన్నాను.

"గది పుస్తకంల లేదు తాతా."

"నీ పుస్తకంల లేకుంటే మనింట్ల ఉంది. దుష్టుడైనా పానం పానమే. నాగుపామును సంపితే నోట్లె రాగి పైస పెట్టి, పాలు, నెయ్యి పోసి కాలుస్తం. మా బాపు గట్లనే చేసేటోడు."

నోరు జారాక గానీ తెలియలేదు. నందిని నా వైపు చూసింది.

"మరి మన పాముకు చేసినవా తాతా?"

లేదు. ఆ రోజు దాన్ని కర్ర కొనతో ఎత్తి కంచె అవతలికి విసిరేసి, చేతులు కడుక్కుని చాయ్ తాగాను. అరవై ఎనిమిదేళ్లొచ్చి, ఆ పిల్ల ముందు సిగ్గుతో తల దించుకున్నాను.

"చెయ్యలే బిడ్డా."

"అది ఎవ్వర్నీ కరవలే. ఎందుకు సంపినవ్?"

"భయమైంది. నువ్వు చెప్పుల్లేకుంట ఆడనే తిరుగుతవ్. అది చెడ్డదని గాదు, నీకేమైతదో అని."

నందిని లేచి లోపలికి వెళ్లింది. ఇక జన్మలో మాట్లాడదనుకున్నాను. నెయ్యి గిన్నె, పాల గ్లాసు, ఒక రాగి పైస పట్టుకుని వచ్చింది.

"దా తాతా."

కంచె అవతల పాము దొరికింది. చీమలు సగం తినేశాయి. నేను దాని నోట్లో పైస పెట్టి, ఎండు పుల్లలు పేర్చి, పాలు, నెయ్యి పోశాను. వినీత్ అగ్గిపెట్టె తెచ్చాడు, వేళాకోళం ఆడలేదు. మంట లేచాక "తప్పైంది" అన్నాను పాముతో. నందిని నా వేలు పట్టుకుంది.

"తాతా, ఇగ నేను రోజు చెప్పులేసుకుంట. నువ్వు సంపకు."

"సరే బిడ్డా" అన్నాను. గిన్నెలో మిగిలిన నెయ్యి కూడా మంటలో పోశాను.