పక్క సీటు బ్రేకు

పొద్దున్నే స్కూలు కారు కడగడం ఆమె పని. డ్రైవింగ్ నేర్పే కారు దుమ్ముకొట్టుకుని ఉంటే నేర్చుకునేవాళ్ళకి మన మీద గురి కుదరదని మాస్టారు అంటాడు. అందుకని పాలు సన్నసెగ మీద పెట్టి, బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని బయటికొచ్చి, ముందు అద్దాలు తుడిచి, తర్వాత చక్రాలు కడిగి, లోపలి రబ్బరు పట్టాలు దులిపి పరుస్తుంది. పక్క సీటు దగ్గర మాత్రం కాస్త ఎక్కువ వంగాలి. అక్కడ ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు తన కాలితో బండి ఆపడానికి పెట్టించుకున్నది.

మాస్టారంటే ఆమె భర్తే. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆమె కూడా మనసులో అలాగే అనుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో వేరే ఏదో అనుకునేది, అదేమిటో ఇప్పుడు గుర్తులేదు.

ఇంటి ముందుగదే డ్రైవింగ్ స్కూలు. ఫోన్లెత్తేది ఆమె, ఎవరు ఏ వేళకి రావాలో సర్దిచెప్పేది ఆమె, గోడ మీది రోడ్డు గుర్తుల బొమ్మలు రంగులేసి గీసింది ఆమె. అయినా ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటుంది. వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే ముందుగదిలోంచి పాఠం వినిపిస్తూనే ఉంటుంది. "ముందు బండికీ మనకీ మధ్య ఖాళీ ఉంచాలమ్మా. దాన్ని చూసి ఎవడో దూరతాడని బాధపడకండి, దూరనివ్వండి. ఫోన్ మోగుతుందా, మోగనివ్వండి. ఎవడైనా అడ్డమొస్తే తిట్టేముందు బ్రేకు మీద కాలుందో లేదో చూసుకోండి." ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందంటే, ఒక్కోసారి ఆమె కత్తి ఆపి మరీ వింటుంది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు కదా.

బ్యాంకులో పనిచేసే ఒకావిడ క్లాసయ్యాక వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "మీరు అదృష్టవంతులండీ. మా ఆయన దగ్గర రెండ్రోజులు నేర్చుకుంటే విడాకుల దాకా వెళ్ళాం. మాస్టారికి ఎంత ఓపికో!"

ఆమె నవ్వి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

తనకూ నేర్పమని ఎప్పుడో ఒకసారి అడిగింది. "ఉన్న ఒక్క బండికి ఇద్దరు డ్రైవర్లెందుకే? నువ్వు ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తూనే ఉన్నాగా" అన్నాడాయన. "పొద్దస్తమానం వాడికి అదే గోల. ఇంటికొచ్చాక కూడా నీకు పాఠాలు చెప్పాలా?" అన్నది అత్తగారు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

స్టూడెంట్లు దిగిపోయాక స్టీరింగు ముందు కూర్చునే మనిషి వేరు. బెల్టు పెట్టుకోడు. ఒక చేత్తో బండి, ఒక చేత్తో ఫోను. ముందువాణ్ణి ముట్టుకునేంత దగ్గరగా పోనిస్తాడు. ఆమె ఊపిరి బిగపడితే చాలు, "ఏంటి, నాకే నేర్పుతున్నావా?" అంటాడు. పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా ఒకటే హెచ్చరిక: "కాళ్ళు వెనక్కి పెట్టుకో. ఆ బ్రేకు మీద పడ్డాయంటే అందరం పోతాం." ఇన్నేళ్ళూ ఆమె కాళ్ళు సీటు కిందికి మడుచుకునే ప్రయాణం చేసింది. దిగాక మోకాళ్ళు పట్టేస్తే వయసు మీదపడుతోందనుకుంది.

ఆరోజు ఆడపడుచు ఇంటికి భోజనానికి బయల్దేరారు. వెనక అత్తగారూ, పదేళ్ళ కూతురూ. ఆయన ఎవరికో ఫోన్లో బొటనవేలితో జవాబు కొడుతున్నాడు. ముందు రోడ్డు దాటే తెల్లచారలున్నాయి. ఒక ముసలాయన చేతిలో మందుల సంచితో అప్పటికే వాటి మీద సగం దాకా వచ్చేశాడు. ఆమెకి కనిపించాడు. మాస్టారు తల ఎత్తలేదు. "ఏవండీ" అనబోయింది. మాట రాలేదు. నోటికి ఊరుకోవడం అలవాటైపోయింది. కాలికి ఇంకా అలవాటు కాలేదు కాబోలు, అదే ముందుకు పోయి బ్రేకుని నేలకంటా తొక్కింది.

బండి కీచుమంటూ ఆగింది. ఫోను ఎగిరి ఎక్కడో పడింది. ముసలాయనకీ బండికీ మధ్య మూరెడు ఎడం. ఆయన అద్దంలోంచి మాస్టారిని చూసి, ఆపినందుకు ఆయనకే చెయ్యెత్తి వెళ్ళిపోయాడు.

"పిచ్చిదానా! రోడ్డు మధ్యలో బ్రేకేస్తావా? వెనకనించి ఎవడన్నా గుద్దితే? చూస్తూనే ఉన్నా నేను! ఆపబోతున్నా!"

"బతికిపోయాం కదా, ఇక ఊరుకోరా" అని వెనకనించి అత్తగారు కొడుకుని సముదాయించింది. తర్వాత కోడలితో, "వాడు బండి నడుపుతుంటే నువ్వు మధ్యలో వేలు పెట్టకు" అన్నది.

వేలు కాదు, కాలు అనుకుంది ఆమె. నవ్వు మాత్రం రాలేదు.

ఆడపడుచు ఇంట్లో వడ్డిస్తుంటే ఆయన ఆ కథ చెప్పాడు. "ఇవాళ మీ వదిన మమ్మల్నందర్నీ ఒకేసారి పైకి పంపించేసేదే!" అందరూ పడిపడి నవ్వారు. ముసలాయన ఆ కథలో లేడు. అందరూ తనవైపు చూస్తున్నారని ఆమె గరిటె పట్టుకుని, "సారీ అండీ, ఇంకెప్పుడూ ముట్టుకోను" అన్నది.

తిరుగుప్రయాణంలో అత్తగారు ముందు కూర్చుంది. అప్పట్నించి ఆమె చోటు వెనక సీటే.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. అదే విచిత్రం. కారు కడిగింది, ఫోన్లెత్తింది, కూరలు వండింది. ఏం వండిందో తిన్నాక గుర్తుండేది కాదు. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఏడుపు కోసమూ చూసింది. పన్ను పీకించుకోవడానికి ఇంజెక్షన్ చేశాక బుగ్గ ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. వెనక సీట్లోంచి రోడ్డు కనిపించదు. ఎక్కడ మలుపొస్తుందో తెలియక ఒళ్ళు అటూ ఇటూ ఒరుగుతుంటే, ఒరగనిచ్చేది.

ఒకరోజు స్కూలుకి జడ వేయించుకుంటూ కూతురు అడిగింది. "అమ్మా, ఆ తాతకి దెబ్బ తగల్లేదుగా?"

"లేదమ్మా."

"నువ్వే ఆపావుగా?"

"ఊఁ."

"మరి సారీ నువ్వెందుకు చెప్పావు?"

"తల కదపకు" అని జడ పూర్తిచేసింది. దువ్వెన కడిగి పెట్టి, కూతుర్ని స్కూలుకి పంపి, వంటింట్లోంచి ఎవరికో ఫోన్ చేసింది. ముందుగదిలోకి వచ్చేసరికి మాస్టారు షూలు వేసుకుంటున్నాడు.

"రేపట్నించి పొద్దున ఓ గంట నేనుండను. ఫోన్లు మీరు చూసుకోండి."

"ఎక్కడికీ?"

"డ్రైవింగ్ నేర్చుకుంటాను. బస్టాండు వెనక ఒకావిడ నేర్పుతుందట, మాట్లాడాను."

ఆయన షూ లేసు వదిలేసి తల ఎత్తాడు. "మనకి స్కూలుండగా వేరే చోటికా? నలుగురూ విన్నారంటే ఏమనుకుంటారు?"

"అడిగినవాళ్ళకి మీరే ఏదో ఒకటి చెప్పండి. మీకు చెప్పడం బాగా వచ్చుగా."

ఆ మాట ఎగతాళిగా అనలేదు. గ్యాస్ అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది. లోపల్నించి అత్తగారు "ఏంటి, ఏమంటోంది?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు బస్టాండు వెనక కారు దగ్గరికి వెళ్ళింది. నేర్పే ఆవిడకి ఆమెకంటే వయసు తక్కువే. తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, సీటు ముందుకు జరిపి, బెల్టు పెట్టుకోమంది. తను పక్క సీట్లో కూర్చుంది.

"భయంగా ఉందా అక్కా?"

"తెలీడం లేదమ్మా. ఏమీ తెలీడం లేదు."

"పర్లేదు, మెల్లగా తెలుస్తుంది. ఇంతకుముందెప్పుడైనా బండి నడిపారా?"

ఆమె చేతులు స్టీరింగు మీదుంచి, ఎదురుగా ఖాళీగా ఉన్న రోడ్డు వైపు చూసింది.

"నడపలేదు. ఒకసారి ఆపాను."