ఊడిన ఫాలు

అన్నం గిన్నెలు కడిగేసి మనోరమ ముందర గదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది. చీరలకు ఫాలు వేయడం ఆమె పని. ఈ ఇంటి కిరాయి కూడా ఆ మిషనే కడుతోంది. ఎదురింటి స్వప్న తన చీర ఇచ్చి, చాప మీద చతికిలబడి టీవీ పెట్టింది. జహీరాబాద్ కేబుల్‌లో మధ్యాహ్నం పూట రోజూ అదే పాత నలుపు తెలుపు సినిమా. పేరు పడే ముక్క ఎప్పుడో తెగిపోయింది.

కథ అందరికీ తెలిసిందే. మొగుడు ఇంకొకామెను మరిగాడు. ఆమె దగ్గరికి జట్కాలో పోతుంటే పెళ్లాం వెంట పరుగెత్తుతుంది. ఊడి వేలాడే ఫాలు కాలికి తట్టుకుని పడుతుంది. ఆయన దిగి లేపుతాడు. అంతే, కరిగిపోయి "ఆమెను కూడా మనింటికే తెచ్చుకోండి" అంటుంది.

"రేపు మా ఇంట్ల గూడ గదే సినిమా" అంది మనోరమ మెల్లగా. భర్త సదాశివ పొద్దున్నే చెప్పి పోయాడు. కోహీర్ ఊళ్లో తను మరిగిన ఆమెను రేపు తెస్తాడట. మిషన్ తీసేసి ఈ గది ఖాళీ చేయాలట.

"నువ్వేమన్నవక్కా?"

"ఏమంట? నోరు లేస్తే గద."

"నువ్వు, గా సినిమామె, ఒక్క తల్లి పిల్లలే!"

అప్పుడే టీవీలోంచి చీర జారి మిషన్ మీద పడింది. సినిమా ఆమెదే. అంతా బూడిద రంగు.

"ఎన్నేండ్ల సంది గిట్లనే తిరుగుతున్నదో" అంది మనోరమ అంచు తిప్పి చూస్తూ.

"దీనికి కలిసే ఫాలు యాడ దొర్కుతది?"

"రంగు వెలిసిన నల్లదున్నది. ఫికర్ చెయ్యకు."

సినిమాలో పెళ్లాం తలుపు చాటున నిలబడింది. చీర అయ్యేదాకా మొగుడూ ఆ ఇంకొకామే పాట మీద పాట పాడుకున్నారు. "గీళ్లకేం పని లేదు!" అని స్వప్న సౌండ్ తగ్గించింది. మనోరమ దగ్గర దగ్గరగా చేతికుట్టు వేసి, మడత పెట్టి టీవీలోకి అందించింది.

జట్కా కదిలింది. పెళ్లాం పరుగెత్తింది. పడలేదు. బండి ఆపించి, వెనక్కి పోయి, ఆయన ట్రంకుపెట్టె తెచ్చి అందులో పెట్టింది. గేటు గొళ్లెం వేసుకుంది.

మరునాడు సదాశివను, కోహీర్ ఆమెను ఎక్కించుకుని వచ్చిన ఆటో ఇంటి ముందు ఆగింది. సదాశివ దిగకముందే మనోరమ సూట్‌కేసు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇదేందే? గది ఖాళీ చెయ్యమంటే..."

"చేసిన. మీ బట్టలన్నీ గిండ్లనే ఉన్నయి." ఆటో అతని వైపు తిరిగింది. "భయ్యా, కోహీర్‌కు పోనియ్యి."

ఇప్పుడా సినిమా అరగంట ముందే అయిపోతోంది. ఆ అరగంటలో మనోరమ ఇంకో చీరకు ఫాలు వేస్తోంది.