ముల్లంగి నీళ్లు

ఆపరేషనై మూడు రోజులైనా అత్తగారి కడుపులో గాలి కదలలేదు. పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, సాయంత్రంలోగా గాలి పోకపోతే ముక్కులోంచి మళ్లీ గొట్టం వేయాల్సిందేనని చెప్పి వెళ్లాడు. మొదటిసారి వేసినప్పుడే ఆవిడకు చచ్చి బతికినంత పనైంది. ఇంకోసారి తట్టుకునే ఓపిక ఆ ఒంట్లో లేదని కోడలు యున్‌షియుకి తెలుసు.

చైనాలో ఝాంగ్‌షు అంటే మూలికల మందుల ఊరు. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ సగం వైద్యుడే. కడుపు కోయించుకున్నవాళ్లకు గాలి కదలాలంటే తెల్ల ముల్లంగి ఉడికించిన నీళ్లు పట్టాలని ఎవర్నడిగినా చెబుతారు. డాక్టరు కూడా కొద్దికొద్దిగా పట్టమన్నాడు. యున్‌షియు రోజూ తెల్లారకముందే లేచి, రెండు ముల్లంగులు తరిగి, నీళ్లు సగమయ్యేదాకా మరగబెట్టి, వడకట్టి ఫ్లాస్కులో పోసుకుని బస్సెక్కుతోంది. ఆస్పత్రిలో లిఫ్టు దగ్గర జనాన్ని చూసి ఐదంతస్తులూ మెట్ల మీదే వస్తోంది. మొగుడు లారీ వేసుకుని ఎక్కడో ఉత్తరాన ఉన్నాడు. అతను ఫోనులో జాగ్రత్తలు చెప్పడం తప్ప చేసేదేమీ లేదు.

నీళ్లు కప్పులో పోసిస్తే అత్తగారు వేడిగా ఉన్నాయి, అక్కడ పెట్టమనేది. యున్‌షియు మందుల వరసలో నిలబడి వచ్చేసరికి కప్పు ఖాళీగా ఉండేది. ఇన్ని తాగినా కదలడం లేదేమిటని ఆమె తనలో తాను కుమిలిపోయింది.

ఆ మధ్యాహ్నం మంచం కింద బేసిన్ పారబోద్దామని లాగింది. ముల్లంగి వాసన దాచితే దాగేది కాదు. బేసిన్ నిండా అవే నీళ్లు.

"అత్తయ్యా, మూడు రోజులూ పారబోశారా?"

అత్తగారు నాలుక కింద ఉన్నదేదో బుగ్గన పెట్టుకుంది. దిండు కింద నుంచి చిన్న డబ్బా తీసి చూపించింది. ఒంటికి బలమిస్తుందనే జిన్‌సెంగ్ వేరు, ఎండబెట్టి పల్చగా కోసిన ముక్కలు. ఆపరేషన్ రోజు కూతురు పేఫెన్ నాన్‌చాంగ్ నగరం నుంచి వచ్చి గంట కూర్చుని ఇచ్చి వెళ్లిందట.

"ఇది నోట్లో పెట్టుకుని ముల్లంగి తాగితే దీని బలమంతా హుళక్కే కదే. అదెంత వెతికి తెచ్చిందో! చూస్తూ చూస్తూ ఎలా పాడుచేయను?" అంది ఆవిడ.

ముల్లంగి జిన్‌సెంగ్ గుణాన్ని విరిచేస్తుందని ఝాంగ్‌షులో పసిపిల్లలకూ తెలుసు. యున్‌షియుకి తెలియనిదల్లా ఆ డబ్బా సంగతే. ఆమె స్టూలు మీద కూలబడింది. కోపం వచ్చింది కానీ, కోప్పడటానికి కూడా ఓపిక కావాలి. ఊరికే అరచెయ్యి చాపింది.

"ఉమ్మేయండి. గొట్టం వేస్తే తట్టుకోలేరు మీరు."

అత్తగారు కోడలి ముఖంలోకి కాసేపు చూసి, ముక్కను ఆ చేతిలో ఉమ్మింది. యున్‌షియు ఈసారి కప్పు అక్కడ పెట్టలేదు. చెంచా చెంచా తనే పట్టింది. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

నాలుగు దాటాక గాలి పోయింది. పక్క మంచం మీదావిడ కుట్లు పట్టుకుని నవ్వేంత గట్టిగా పోయింది. యున్‌షియు మాత్రం మోచేతి మడతలో ముఖం దాచుకుని ఏడ్చేసింది.

ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగి అత్తగారు అంది: "పేఫెన్‌కి ఫోన్ చెయ్యి. దాని జిన్‌సెంగ్ పనిచేసిందని చెప్పు."

"మరి ముల్లంగి?"

"ఆ మాట ఎత్తకు. అది చిన్నబుచ్చుకుని ఇక రాదు. నువ్వెలాగూ వస్తావుగా."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో యున్‌షియు తేల్చుకోలేకపోయింది. వస్తుందన్నది మాత్రం నిజమే. ఫోన్ తీసి, "వదినా, మీ వేరు పనిచేసింది" అంది. అవతల ఆడబిడ్డ సంతోషం పట్టలేక ఏడుస్తుంటే, ఆ ఏడుపు ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.