కుమారీల ముత్యాల లాంచి

రత్నకుమారికి పేరులో రత్నం ఉంది, చేతిలో ముత్యం ఉంది, మెడలో మాత్రం ఏమీ లేదు. పేరు చివరి కుమారి కూడా అలంకారానికి పెట్టింది కాదు, రికార్డు ప్రకారం అక్షరాలా నిజం. మూడు ముళ్లు పడకుండానే యాభై తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. ఏలూరు పవర్‌పేటలోని రెండు గదుల ఇంట్లో ఇప్పుడు ఆవిడ వేళ్ల మధ్య రోజుకి మూడొందల ముళ్లు పడుతున్నాయి. ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టుదారంతో ముడి వెయ్యాలి. అలా వెయ్యకపోతే దండ తెగిన రోజున అన్నీ కలిసి మంచం కిందికి దొర్లిపోతాయి. ముడి ఉంటే పోయేది ఒక్కటే.

రత్నకుమారి మిషన్ స్కూల్లో కుట్టుపని టీచరుగా చేసి కిందటేడు, రెండువేల నాలుగులో, రిటైరయింది. అదే స్కూల్లో కుసుమకుమారి తెలుగు పండితురాలు. స్టాఫు రూములో ముప్ఫై ఏళ్లు ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉండేవి. పిల్లలు వాళ్లను విడివిడిగా పిలవడం ఎప్పుడో మానేశారు. "కుమారీలు వస్తున్నార్రోయ్!" అని ఒక్క కేక పడితే చాలు, వరండా అంతా బుద్ధిగా మారిపోయేది. రిటైరయ్యాక కలిసి ముత్యాల నగలు చేద్దామన్నది కుసుమే. వాటికి 'కుమారీల ముత్యాలు' అని పేరు పెట్టిందీ కుసుమే. పేరు పెట్టేసి, ఉల్లిపాయల వ్యాపారం చేసే కొడుకు దగ్గరికి తాడేపల్లిగూడెం వెళ్లింది. వారానికని వెళ్లింది. ఆ వారానికి ఏడు నెలలు నిండాయి. గూడెం ఉల్లిపాయలకి ఏలూరులో కళ్లు మండడమంటే ఇదే.

రత్నకుమారి ఒక్కతే పని మొదలుపెట్టింది. కొల్లేటి పక్క గుడివాకలంకలో యోసేపు అనే ఆయన చేపల చెరువులో ఆల్చిప్పలు పెంచి ముత్యాలు తీస్తున్నాడు. అన్నీ మంచినీటి ముత్యాలే. ఒకటి బియ్యపుగింజలా ఉంటే ఇంకొకటి వెల్లుల్లి రెబ్బలా ఉంది.

"గుండ్రంగా ఒక్కటీ లేదేమయ్యా?" అని అడిగింది.

"మంచినీళ్లు తాగి పెరిగినయ్యండీ. మనలాగే ఉంటయ్యండీ," అన్నాడు యోసేపు.

చిన్న చేతి బర్మాతో బెజ్జాలు వేసి ఇరవై రెండు హారాలు చేసింది. హారం అమ్మితేనే ఆహారం అన్న అవస్థేమీ కాదు, పెన్షను వస్తోంది. ఆవిడ ఆశ వేరు. ప్రారంభం రోజున కుసుమ వస్తుంది. ఇరవై రెండూ పట్టి పట్టి చూస్తుంది. ఇరవైమూడోది ఎలా ఉండాలో చెప్తుంది. చెప్పిన మనిషి ఇక గూడెం ఎందుకు వెళ్తుంది?

కార్డులు శ్రీరంగనాయకులు నడిపే ప్రెస్సులో వేయించింది. 'కుమారీల ముత్యాల లాంచ్, శనివారం ఉదయం పది గంటలకు, మా ఇంటి వద్ద' అని కాగితం మీద రాసిచ్చి, కింద ఇద్దరి పేర్లూ పెట్టించింది. మోకాళ్ల నొప్పితో రెండోసారి వెళ్లలేక, అడ్రసుల జాబితా కూడా ఆయన చేతిలోనే పెట్టి పోస్టులో వేయించమంది.

శనివారం పది కాకముందే ముప్ఫై మంది దిగారు. రత్నకుమారికి కాళ్లు నేల మీద నిలవలేదు. అయితే వచ్చినవాళ్ల చేతుల్లో టిఫిన్ క్యారేజీలు, గొడుగులు ఎందుకున్నాయో అర్థం కాలేదు. లెక్కల మాష్టారు శ్రీనివాసరావు మెడలో బైనాక్యులర్సు ఎందుకు వేలాడుతోందో అంతకన్నా అర్థం కాలేదు.

"లాంచి ఎన్నింటికి బయల్దేరుద్దండీ?" అంటూ పులిహోర క్యారేజీ అరుగు మీద పెట్టింది చర్చిలో పక్క బెంచీలో కూర్చునే మరియమ్మ.

"ఏ లాంచండీ?"

"కొల్లేటి లాంచేనండీ. కార్డులో వేశారుగా!"

కార్డు చేతిలోకి తీసుకుని చూస్తే అందులో 'కుమారీల ముత్యాల లాంచి' అని ఉంది. శ్రీరంగనాయకులు కూడా కొత్త టోపీ పెట్టుకుని లాంచి ఎక్కడానికే వచ్చి ఉన్నాడు.

"లాంచ్ అంటే చివర పొల్లు వేలాడుతోందండీ. చూడ్డానికి బాలేదని నేనే గుడి పెట్టానండీ," అన్నాడు గర్వంగా.

"చర్చికెళ్లే ఆవిడ కార్డుకి గుడి కట్టావా, నాయకులూ!" అన్నారు మాష్టారు. అరుగు అదిరిపోయేలా నవ్వారందరూ.

నాయకులు టోపీ తీసేశాడు.

"లాంచి లేదుగానండీ, హారాలున్నాయి. చూడండి మాష్టారూ," అంది రత్నకుమారి.

"నాకు తెలిసిన హారం గీత కిందుంటుందండీ. పైన లవం ఏదీ?"

మళ్లీ నవ్వులు. ఆవిడా నవ్వింది. లవమూ లేదు, లవ్వూ లేదు, మిగిలింది హారం ఒక్కటే అన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేసింది.

"ఇవి మంచినీటి ముత్యాలండీ..."

"ముత్యాలు తర్వాతండీ, ముందు మంచినీళ్లు ఇప్పించండి. ఎండ చంపేస్తోంది," అన్నారెవరో.

మరియమ్మ ఒక హారం వేసుకుని అద్దంలో చూసుకుంది. "బాగుందమ్మా. కానీ ఇంటికి తీసికెళ్తే మా కోడలు దీన్ని దండ అనదు, దండగ అంటది," అని తీసి పళ్లెంలో పెట్టేసింది.

చివరికి మాష్టారే తీర్మానం చేశారు. "కట్టుకున్న పులిహోర పాడవుద్దండీ. ఆటోలు మాట్లాడుకుని మనమే పోదాం పదండి. టీచర్‌గారూ, మీరూ రండి."

"ఒకరు రావాల్సి ఉందండీ," అంది రత్నకుమారి.

ఆటోలు వెళ్లిపోయాయి. చేసిన తప్పుకి మొహం చెల్లక నాయకులొక్కడే అరుగు చివర కూర్చుండిపోయాడు. గూడెం వైపునుంచి రావాల్సిన రైళ్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చి వెళ్లిన చప్పుడు పవర్‌పేట అంతా వినబడింది. గేటు చప్పుడు మాత్రం వినబడలేదు. ఒంటిగంటకి ఫోను మోగింది.

"రత్నా, ఏమనుకోకే," అంది కుసుమ. వెనకాల ఎవరో పిల్లలు నవ్వుతున్నారు, మూకుట్లో ఏదో వేగుతోంది. "కార్డు చూశాను. లాంచి అన్నావు కదా, నాకు నీళ్లంటే భయమాయె. అందుకే ఆగిపోయాను."

రత్నకుమారి చేతిలోని కార్డుకేసి చూసింది. ముప్ఫై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో పొల్లు తప్పితే అరమార్కు, గుడి తప్పితే ఇంకో అరమార్కు కోసిన మనిషి. పైగా పోయిన నెలలో, "లాంచ్ ఏమిటే, ఆవిష్కరణ అనక!" అని ఇదే ఫోనులో అరగంట పోట్లాడిన మనిషి. ఆ మనిషి లాంచిని చూసి భయపడిందట.

ఆ మాట అడగొచ్చు. అడిగితే కుసుమ ఇంకేదో చెప్తుంది. అది నిజమైతే?

"మంచిపని చేశావే. గాలెక్కువగా ఉంది. లాంచి తెగ ఊగింది," అంది రత్నకుమారి.

"నువ్వెక్కావా?"

"ఎక్కానే."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"జాగ్రత్తే, రత్నా. ఉంటాను, పిలుస్తున్నారు."

ఫోను పెట్టేసి బయటికొచ్చేసరికి నాయకులు లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి అన్నీ విన్నవాడిలా నేల చూపులు చూస్తున్నాడు.

"కార్డులు మళ్లీ వేస్తానండీ, ఊరికినే. వచ్చే శనివారానికి. ఈసారి పొల్లు పొల్లులాగే ఉంచుతానండీ. కింద రెండు పేర్లూ..."

"కుసుమ పేరు తీసెయ్యండి."

జేబులోంచి పెన్సిలు తీసి కార్డు మీద ఆ పేరు కొట్టేశాడు. కొట్టేసి బుర్ర గోక్కున్నాడు. "మరి పైన కుమారీల అని బహువచనం ఉందండీ. ఒక్కరే అయితే కుమారి అని దిద్దాలేమోనండీ?"

పెన్సిలు ఆ మాట మీదికి వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"వద్దులెండి, దిద్దింది చాలు," అన్నాడు నాయకులు. "ఒక్కరే ఉన్నా మిమ్మల్ని మీరు అనే అంటున్నాం కదండీ. అదీ బహువచనమేగా. ఉంచెయ్యమంటారా?"

"ఉంచండి," అన్నారు రత్నకుమారిగారు.