చేపల తొట్టెకు వాసెన

మూత లేని గిన్నె కనబడితే వీరవేణికి ఒళ్ళు మండుతుంది. పాలు, మజ్జిగ, మంచినీళ్ళ బిందె, ఏదైనా సరే మూత పడాల్సిందే. ఇక ఆవకాయ జాడీకి గుడ్డ కప్పి, తాడు బిగించి ఆవిడ వాసెన కట్టిందంటే చీమ కూడా దారి వెతుక్కుని విసుగెత్తి వెళ్ళిపోవాలి. అలాంటి మనిషికి కోడలు హారతి తన సముద్రపు చేపల తొట్టె అప్పగించి, మొగుడితో కలిసి జంగారెడ్డిగూడెంలో పెళ్ళికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, ఈ అద్దం మూతకి వెనకాల సందు వదిలానండి. దాన్ని అలాగే ఉంచండి. నీళ్ళు తగ్గితే ఈ గీత దాకా మంచినీళ్ళు పొయ్యండి, చాలు" అని మాత్రం చెప్పింది.

సందు ఎందుకో కోడలు చెప్పలేదు, అత్తగారు అడగలేదు. చేపల విషయంలో ఇద్దరి మధ్యా మాటలు అంతంతమాత్రమే. తొట్టె ఇంటికి వచ్చిన రోజున వీరవేణి ఇరుగుపొరుగు ముందు, "చెరువుల నిండా చేపలున్న ఇంట్లో, కూరకి పనికిరాని ఈ రెంటికీ అద్దాల మేడా!" అని పకపకా నవ్వింది. హారతి కూడా నవ్వింది గానీ మొహం చిన్నబోయింది. అది వీరవేణి చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఇప్పటికీ ఆవిడకి లోపల గుచ్చుకుంటూ ఉంటుంది.

నిజానికి ఆ చేపలంటే ఆవిడకి ముద్దే. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలు, పెళ్ళివారిలా ఎప్పుడూ జంటగా తిరగడం. ఆ సంగతి ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి, సరిగ్గా ఆ సందు మీద గోడకి బల్లి! అది జారి నీళ్ళలో పడితే! దానికి తోడు నీళ్ళు కూడా తగ్గి ఉన్నాయి. పైన తెరిచి పెడితే ఆవిరైపోక ఏమవుతాయి? ఈ కాలం పిల్లలకి ఒక్క పని శ్రద్ధగా చెయ్యడం రాదు అనుకుంది. గీత దాకా మంచినీళ్ళు పోసి, మూత మీద శుభ్రమైన పాలిథిన్ కవరు పరిచి, దాని మీద ఉతికిన గుడ్డ కప్పి, చుట్టూ తాడు బిగించి తొట్టెకి చక్కగా వాసెన కట్టేసింది. ఘనకార్యం చేసినట్టు హాయిగా పడుకుంది.

తెల్లవారి చూస్తే చేపలు రెండూ పైకి తేలి, నోళ్ళు తెరిచి, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. మబ్బు పట్టిన రోజున చెరువులో చేప ఇలాగే పైకొస్తుందనీ, నీళ్ళలో గాలి చాలకపోతేనే అలా చేస్తుందనీ ఆవిడకి తెలుసు. కానీ తొట్టెలో నీళ్ళు తిప్పే మోటారు తిరుగుతూనే ఉందే! 'ఇవి పోతే, నేను కావాలనే చంపానని అనుకుంటుంది హారతి. పైకి ఒక్క మాట అనదు. జీవితాంతం అనుకుంటూనే ఉంటుంది.'

చెరువు దగ్గరున్న భర్త బంగార్రాజుకి ఫోన్ చేసింది.

"ఏవండీ, మోటారు తిరుగుతోంది, అయినా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ!"

"పైన ఏమన్నా కప్పావేంటే?"

"వాసెన కట్టాను."

"ఆవకాయ జాడీ అనుకున్నావా! ముందది పీకెయ్. లోపల నీళ్ళు ఎంత తిరిగితే ఏంటి, పైనున్న గాలి కూడా మారాలి కదా. కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, నీళ్ళు పైకెత్తి పొయ్యి!"

తాడు కోసేసింది, అద్దం తీసి పక్కన పెట్టింది, కిటికీలు బార్లా తెరిచింది. గరిటె కడిగి తెచ్చి, కాగిన పాలు చల్లార్చినట్టు నీళ్ళు పైకెత్తి పోయడం మొదలుపెట్టింది. మోచేతి దాకా ఉప్పునీళ్ళు కారాయి, చీర తడిసింది, గచ్చు తడిసింది, కాఫీ సంగతే మరిచిపోయింది. "పీల్చుకోండి నాన్నా, బాగా పీల్చుకోండి" అంటూ చెయ్యి మార్చి చెయ్యి మార్చి పోసింది. ఎండ అరుగు మీదికి వచ్చేసరికి చిన్నచేప మెల్లగా కిందికి దిగింది. కాసేపటికి పెద్దదీ దిగింది. వీరవేణి అక్కడే చతికిలబడి, తడిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది. కళ్ళు భగ్గుమన్నాయి.

బంగార్రాజు వస్తూ వస్తూ చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టే వల ముక్క ఒకటి తెచ్చి, చట్రానికి బిగించి తొట్టె మీద పెట్టాడు. బల్లి పడదు, గాలి ఆగదు.

మర్నాడు హారతి వచ్చీ రాగానే అడిగింది.

"అద్దం మూత ఏదండీ అత్తయ్యగారూ?"

బల్లి మీద తోసేసి తప్పించుకోవచ్చు. వీరవేణి అలా చెయ్యలేదు. జరిగిందంతా చెప్పేసింది. "ఆ రోజు నలుగురిలో నవ్వానుగా. నేను కావాలనే చేశానని అనుకుంటావేమోనని ప్రాణం పోయిందమ్మా" అంది.

హారతి వంగి తొట్టెలోకి చూసింది.

"ఉప్పునీళ్ళు మామూలు నీళ్ళకంటే గాలిని తక్కువ పట్టుకుంటాయండి. పైన మూసేస్తే చేపలు వదిలిన గాలి అక్కడే ఉండిపోతుంది. అందుకే సందు. ఇదంతా చెబితే మళ్ళీ నవ్వుతారని చెప్పలేదు. నాదే తప్పు."

"ఏం తప్పో ఏమో, నిన్నంతా మీ అత్తయ్య చెయ్యి నొప్పని ఒకటే మూలుగు" అన్నాడు బంగార్రాజు అరుగు మీంచి.

హారతి లోపలికెళ్ళి నొప్పుల మందు తెచ్చి, అత్తగారి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"కావాలని చేసేవాళ్ళు చెయ్యి పడిపోయేదాకా నీళ్ళెత్తి పోస్తారా అండీ?" అంది, మందు రాస్తూ.

నిజానికి వీరవేణికి ఆ నొప్పి రాత్రే తగ్గిపోయింది. ఆ మాట చెప్పకుండా, రెండో చెయ్యి కూడా ఇచ్చి కూర్చుంది.