ముల్లు దిగేదాకా

మా ఫ్రిజ్ కంప్రెసర్ బిగుసుకుపోయిందని మామయ్యగారు తలుపు తెరవకుండానే తేల్చేశారు. ఆయన మావారి బాబాయి. నలభై ఏళ్ళుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నారు. చెవి ఆనించి రోగం చెప్పగల మనిషి. ఒక్కటే చెడ్డ అలవాటు. కంప్రెసర్ మార్చడానికి గొట్టం కోసేముందు లోపలి గ్యాసును గాలికి వదిలేస్తారు. పోయిన నెల కొట్టు వెనక, కిటికీ లేని గదిలో అలాగే వదిలి ఊపిరాడక అక్కడే కూలబడ్డారు. కూతురు బయటికి ఈడ్చుకొచ్చింది. కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "గొట్టం కోశావా?"

కొట్లో సగం పని ఆ కూతురిదే. నాకు ఆడపడుచు. ఆ మర్నాడే గ్యాసును సిలిండర్‌లోకి లాగే మెషీను ఒకటి, నచ్చకపోతే తిరిగిచ్చే ఒప్పందం మీద తెచ్చింది. ఇవాళ దానికి మా వంటింట్లో పరీక్ష.

"ఈ ఒక్కటీ నీ పద్ధతిలో చెయ్. భోజనానికి పిలిచేలోపు అవ్వాలి. కాలేదా, ఆ డబ్బా వెనక్కి, కొట్లో నా పద్ధతే," అన్నారు మామయ్యగారు.

"సరే నాన్నా. వదినా, ముందు స్టవ్ కట్టెయ్. మంట తగిల్తే ఈ గ్యాసు విషమవుతుంది. కిటికీలన్నీ తీసెయ్."

సగం ఉడికిన కూర మీద మూత పెట్టాక నాకు వెలిగింది. స్టవ్ లేందే భోజనానికి పిలిచేదెవరు? ఆడపడుచు నా వైపు చూసింది. నేను కూర వైపు చూశాను. అటక మీద ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంది. అడిగితే కదా చెప్పడానికి!

ఆమె కళ్ళజోడు, చేతి తొడుగులు వేసుకుంది. కంప్రెసర్ పక్కనున్న సన్న గొట్టానికి వాల్వు బిగించి, అక్కణ్ణుంచి మెషీనుకూ, మెషీను నుంచి తూకం మీది సిలిండర్‌కూ పైపులు కలిపింది. ఫ్రిజ్‌లో మిగిలిన గ్యాసు ఒత్తిడి చూపే మీటర్ ముల్లు బుద్ధిగా దిగింది. సగం దారిలో మొండికేసింది.

"సిలిండర్ వేడెక్కింది. ఐసు కావాలి వదినా."

"చచ్చిన ఫ్రిజ్ పక్కన నిలబడి ఐసు అడుగుతోంది చూడు!" మామయ్యగారు పకపకా నవ్వారు.

పై వాటా ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. చుట్టాలొచ్చారా అని అడిగింది. మా ఫ్రిజ్‌కి జ్వరమన్నాను.

తిరిగొచ్చేసరికి మామయ్యగారు గొట్టం కోసే కట్టర్ పట్టుకుని ఫ్రిజ్ వెనక్కి చేరారు.

"రెండు నిమిషాల పని. ఆకలి దంచేస్తోంది. కిటికీలు తెరిచే ఉన్నాయిగా!"

ఆడపడుచు గొంతు పెంచలేదు.

"ఆ రోజు నీ పెదాలు నీలంగా ఉన్నాయి నాన్నా. నువ్వు చూసుకోలేదు. నేను చూశాను."

ఆయన కట్టర్ కింద పెట్టలేదు, అలాగని ముందుకూ కదల్లేదు. నేను టబ్బులో నీళ్ళు పోసి ఐసు గుమ్మరించాను. ఆడపడుచు సిలిండర్‌ను అందులో దించింది. ముల్లు కదిలింది. మెల్లగా సున్నా దాటి ఇంకా కిందికి పోయింది. సిలిండర్ వాల్వు మూసి, మెషీను ఆపింది.

"ఏమ్మా, ఇప్పుడు కొయ్యొచ్చా?"

నేను కాపురానికొచ్చి పందొమ్మిదేళ్ళు. ఆయన ఒకర్ని అనుమతి అడగడం వినడం అదే మొదటిసారి.

"పది నిమిషాలాగు. కంప్రెసర్ నూనెలో దాక్కున్న గ్యాసుంటే ముల్లు మళ్ళీ లేస్తుంది."

మామయ్యగారు స్టూలు లాక్కుని మీటర్ ముందు కూర్చున్నారు. కొత్తగా అద్దెకొచ్చినవాణ్ణి చూసే ఇంటి ఓనరులా దాన్ని అనుమానంగా చూస్తున్నారు. మేమిద్దరం కూర సంగతి మాట్లాడుకుంటూ ముల్లు మాటే మరిచాం.

"లేచింది," అన్నారాయన.

వంగి చూశాం. వెంట్రుకవాసి. ఆయన కళ్ళకు తప్ప ఎవరికీ ఆనదు.

"ఇంకా ఉంది లోపల. మళ్ళీ లాగు," అంటూ కట్టర్‌ను కూతురి చేతిలో పెట్టి, ఆయనే వంగి మెషీను స్విచ్ వేశారు.