పదకొండు కిటికీలు

అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో రిటైరైన డాక్టర్ నళిని పొద్దున్నే శాలువా కప్పుకుని, కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడేది. పాత ఇల్లు, ఒంటి పొర అద్దాలు. అందులో వంటింటి అద్దానికో అలవాటుంది. బయట ఎవరు నిలబడినా, వాళ్ళు మొహమాటానికి మింగేసిన మాటలు వాళ్ళ గొంతుతోనే లోపలికి వినిపిస్తాయి.

వాకిట్లోకి దారి ఆ కిటికీ ముందునుంచే. ఒకసారి స్నేహితురాలు రేణు పులిహోర బ్రహ్మాండమని మెచ్చుకుని వెళ్తుంటే, ఉప్పు కషాయమని అద్దంలోంచి వినిపించింది. మరోసారి రేణు వచ్చినప్పుడు, "ఈసారి ఉప్పు తగ్గించానులే" అని నళిని నోరు జారింది, గుచ్చి అడిగితే అద్దం సంగతి చెప్పేసింది. అంతే, రేణు మళ్ళీ రాలేదు. సంగతి తెలిసి మిగతావాళ్ళూ ఫోన్లకి దిగారు. తర్వాత ఫోన్లూ తగ్గాయి.

నళినికి ఉప్పు సంగతి పట్టలేదు. మనుషులు రాకపోవడమే బాధించింది. రెండు పొరల అద్దాలు వేయిస్తే మాటలు ఆగుతాయి, మనుషులు వస్తారనుకుంది.

కొలతలకి వీరభద్రం వచ్చాడు. అరవై దాటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక కిటికీలు అమ్ముతున్నాడు.

"రెండు అద్దాల మధ్య గ్యాస్ నింపుతామండీ. చలి రాదు, చప్పుడు రాదు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది."

"అది ఇప్పుడూ వినపడుతోంది లెండి. పన్నెండు కిటికీలకీ రాసుకోండి. భోంచేసి వెళ్ళండి, గోంగూర పప్పు చేశాను."

"వద్దండీ, ఇప్పుడే తినొచ్చాను."

టేపు పట్టుకుని బయటికెళ్ళి వంటింటి కిటికీ కొలుస్తున్నాడు. పెదవులు కదలడం లేదు, గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"గోంగూర తిని ఎన్నాళ్ళయిందో. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణీ కూర్చుని తినలేక నిలబడే తింటున్నాను. ఇంకొక్కసారి అడిగితే బాగుణ్ణు."

నళిని కూడా మూడేళ్ళుగా ఒక్కతే స్టవ్ పక్కన నిలబడే తింటోంది. వెంటనే వెళ్ళి తలుపు తీసింది.

"వీరభద్రం గారూ, రండి. అన్నం వడ్డించేశాను, చల్లారిపోతుంది."

తింటుండగా అద్దం సంగతి చెప్పింది. దాచడం ఆమెకి చేతకాలేదు. వీరభద్రం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఇక ఇతనూ రాడనుకుంది నళిని. అతను మారు వడ్డించుకున్నాడు.

"పదకొండే రాయండి. అదొక్కటీ ఉండనివ్వండి," అంది.

"చలి వస్తుందండీ."

"శాలువా ఉందిగా."

ఇప్పుడు ప్రతి ఆదివారం వీరభద్రం వస్తాడు. బెల్ కొట్టడు. వంటింటి కిటికీ బయట నోరు మెదపకుండా కాసేపు నిలబడతాడు. లోపల నళిని రెండో కంచం తీసి బల్లమీద పెడుతుంది.